మే 31లోగా

మే నెల అంటే మన బ్యాచ్‌లో అందరికీ గుర్తొచ్చేవి మూడు: మామిడిపళ్ళు, ఐపీఎల్, సప్లీ ఫీజు. ఇన్సూరెన్స్ కాగితాలు ఎవరికీ గుర్తు రావు. కానీ మన ఇళ్ళల్లో చాలామందికి ఉన్న రెండు పాలసీల గడువు మే 31తోనే అయిపోతుంది. ప్రధానమంత్రి జీవన్ జ్యోతి, సురక్ష బీమా రెండూ జూన్ 1 నుంచి మే 31 వరకే. నెలాఖరులో బ్యాంకు ఖాతాలో డబ్బుంటే దానంతట అదే కట్ అయి ఇంకో ఏడాది నడుస్తాయి. లేకపోతే ఆగిపోతాయి.

మా నాన్న తెనాలిలో ఏసీ మెకానిక్. ఎండ ముదిరేకొద్దీ ఆయనకు ఫోన్లు పెరుగుతాయి. మూడో అంతస్తు సన్‌షేడ్ మీద నిలబడి అవుట్‌డోర్ యూనిట్ విప్పాలి, మిట్టమధ్యాహ్నం బండి మీద ఊరంతా తిరగాలి. మాకు డబ్బులొచ్చే మూడు నెలలూ, భయపడాల్సిన మూడు నెలలూ ఒకటే.

నాది చిన్నప్పటినుంచి ఇంగ్లీష్ మీడియం కాబట్టి ఇంటికి ఇంగ్లీషులో ఏ కాగితం వచ్చినా నా చేతికే ఇస్తారు. ఈ సెలవుల్లో బీరువాలో ఉన్న పాలసీలన్నీ తీసి చదివా. చదవడం ఈజీనే. అమ్మకు తెలుగులో చెప్పడమే కష్టమైంది. 'డెత్ బెనిఫిట్' అని చదివేస్తే ఏమీ అనిపించదు. తెలుగులో దాన్ని ఎలా అనాలి? "నాన్నకేమన్నా అయితే" అని మొదలుపెట్టా. అంతే, "దీపాలు పెట్టే వేళ ఆ పాడుమాటలేంట్రా" అని అమ్మ లేచింది. నాన్న మాత్రం టీవీ సౌండ్ తగ్గించి "చెప్పనీవే" అన్నాడు.

క్లాసులో ప్రోగ్రామ్ రాసేటప్పుడు ప్రతి లైను దగ్గరా 'ఇలా జరక్కపోతే?' అని అడగమంటారు. ఇంట్లో అదే ప్రశ్న అడిగితే అశుభం.

సరే, మొత్తానికి తేలిందేంటంటే:

జీవన్ జ్యోతి ఏడాదికి 436 రూపాయలు. వడదెబ్బయినా, గుండెపోటయినా, ఏ కారణంతో చనిపోయినా ఇంటివాళ్ళకు 2 లక్షలు వస్తాయి. కొత్తగా చేరడానికి వయసు 50 వరకే. ముందే చేరినవాళ్ళు ఏటా కడుతూ 55 దాకా కొనసాగొచ్చు. నాన్నకు 52. ఆ పాలసీ ఉన్న పాత ఖాతాలో అప్పుడు ఉన్నది 212 రూపాయలు! కస్టమర్లు పంపే డబ్బంతా క్యూఆర్ కోడ్ ఉన్న వేరే ఖాతాలోకి పోతోంది. ఆ రాత్రే పాత ఖాతాలోకి వెయ్యి రూపాయలు పంపించాం.

సురక్ష బీమా ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో చనిపోతే, లేదా రెండు కళ్ళో రెండు చేతులో పూర్తిగా పోతే 2 లక్షలు. ఒక కన్నో ఒక చెయ్యో పోతే లక్ష. కానీ కాలు విరిగి ఆస్పత్రిలో పడితే ఆ బిల్లు ఇది కట్టదు. దానికి హెల్త్ పాలసీ ఉండాలి.

హెల్త్ పాలసీ నలుగురికీ కలిపి 3 లక్షలు. రూమ్ అద్దె రోజుకు 1 శాతం, అంటే 3,000 దాటకూడదని లోపల ఎక్కడో ఉంది. 6,000 రూమ్ తీసుకుంటే ఆ పైన 3,000 మనం పెట్టుకుంటే సరిపోతుంది అనుకున్నాడు నాన్న. అలా కాదు. డాక్టర్ ఫీజు, ఆపరేషన్ చార్జీల్లాంటివి కూడా అదే లెక్కన సగమే ఇస్తారు. అడ్మిషన్ కౌంటర్ దగ్గర ఏ రూమ్ అని అడిగినప్పుడు ఈ సంగతి తెలిసి ఉండాలి.

బండి పాలసీలో ఓనర్-డ్రైవర్‌కు 15 లక్షల ప్రమాద కవర్ ఉంది. అది ఆర్సీలో పేరున్న మనిషికి, లైసెన్స్ ఉంటేనే. బండి నాన్న పేరు మీద ఉంది. సెలవుల్లో తోలేది నేను. నాకది వర్తించదు. 18 నిండితే సురక్షలో చేరొచ్చు కాబట్టి నేనూ చేరా. 20 రూపాయలు, క్యాంటీన్‌లో ఒక సమోసా రేటు.

ఇక నామినీ. నాన్న జీవన్ జ్యోతి కాగితంలో మా నాయనమ్మ పేరుంది. ఆవిడ పోయి మూడేళ్ళయింది. నాన్న ఆ పేరు మీద వేలు పెట్టి కాసేపు మాట్లాడలేదు. మర్నాడు బ్యాంకుకెళ్ళి అమ్మ పేరు రాయించాడు.

అప్పటిదాకా పక్కనే కూర్చుని కందిపప్పులో రాళ్ళు ఏరుతున్న అమ్మ "మరి నా పేరు మీద ఏముంది?" అని అడిగింది. కాగితాలన్నీ మళ్ళీ తిరగేశా. హెల్త్ పాలసీ తప్ప ఏమీ లేదు. పొద్దున నాలుగున్నరకు లేచి వంట చేసి, పగలంతా జాకెట్లు కుట్టి, చెల్లి ఫీజు కట్టే మనిషి. మేమెవరం ఆవిడకేమన్నా అవుతుందని అనుకోలేదు.

జూన్ మొదటివారంలో డ్వాక్రా కోసం తీసిన తన ఖాతా ఉన్న బ్యాంకుకు తీసుకెళ్ళా. జీవన్ జ్యోతిలో కొత్తగా చేరితే మొదటి 30 రోజులు ప్రమాద మరణానికి తప్ప మిగతావాటికి కవర్ ఉండదని దారిలోనే చెప్పా. ఈసారి అమ్మ ఆ మాటకు కోప్పడలేదు. తెలుగులో నిదానంగా సంతకం పెట్టి, నామినీ దగ్గర నా పేరు రాయమంది. కింద గార్డియన్ అని ఒక గడి ఉంది. అక్కడ ఎవరి పేరు రాయాలని క్లర్క్‌ని అడిగా. ఆయన నా పుట్టిన తేదీ చూసి, "నువ్వు మేజర్‌వి కదా బాబూ, అది ఖాళీగా వదిలెయ్" అన్నాడు.