అవ్వ వసారాలో బీపీ పాఠం

మదనపల్లె దగ్గర అంగళ్లు దాటాక టమోటా తోటల మధ్య ఓ చిన్న పల్లె. వైద్య కళాశాల బస్సు అక్కడ ఆగితే, తెల్లకోట్లేసుకున్న మొదటి ఏడాది ఎంబీబీఎస్ పిల్లలతోపాటు నేనూ దిగాను. 2019లో వచ్చిన కొత్త పాఠ్యప్రణాళిక మొదటి ఏడాదే రోగి ముఖం చూపించమంటుంది. 2021-22 బ్యాచి నుంచి ప్రతి విద్యార్థీ కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని వాళ్ల ఆరోగ్యం కనిపెట్టుకుని ఉండాలి.

అంతకుముందు మొదట సైన్సు, ఆ తర్వాతే ఆసుపత్రి. 1910లో అమెరికాలో ఫ్లెక్స్‌నర్ ఇచ్చిన నివేదికతో గట్టిపడ్డ వరస అది. వైద్య విద్యను ల్యాబు మీద నిలబెట్టడంలో ఆయన పాత్ర పెద్దదే, కాదనను. మన దగ్గరికొచ్చేసరికి ఆ సైన్సు కాస్తా గైడ్లలో దూరింది.

ఓ పెంకుటింటి వసారాలో అవ్వకు బీపీ చూశారు. పై అంకె 162. కాసేపాగి చూస్తే 144. సగటు రాసేద్దామన్నాడొక కుర్రాడు. వెంట వచ్చిన టీచర్ మేడమ్ అతని లాగ్‌బుక్ మూయించి, ‘‘రెండింట్లో ఏది నమ్ముతారు?’’ అన్నారు. అప్పుడు కనబడ్డాయి ఒక్కొక్కటే: అవ్వ అప్పుడే నీళ్లబిందె దించింది, కఫ్ రవిక చేతి మీదే చుట్టారు, కొలుస్తున్నంతసేపూ ఆమె మాట్లాడుతూనే ఉంది, చెయ్యి కిందికి వేలాడుతోంది. చెయ్యి గుండెకన్నా పది సెంటీమీటర్లు దిగితే ఆ మేర రక్తం బరువూ కలిసి అంకె ఏడెనిమిది పెరుగుతుంది. మేడమ్ అది చెప్పలేదు. వాళ్లలో వాళ్లనే చేతులు దించి, ఎత్తి కొలుచుకోమన్నారు. ఫిజియాలజీ పుస్తకంలో నాలుగు పేజీలు ఆ వసారాలో పావుగంటలో తేలిపోయాయి.

ఇలా పల్లెల్లోకి వెళ్లి కొలిచి తెలుసుకోవడం ఈ నేలకు కొత్తేం కాదు. మదనపల్లె పక్కనే ఆరోగ్యవరం క్షయ శానిటోరియం 1915లో వెలిసింది. దేశంలో బీసీజీ టీకా 1948లో మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. 1950లలో డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ బృందం చుట్టుపక్కల పల్లెల్లో ఎక్స్‌రేలు తీసి, ట్యూబర్‌క్యులిన్ పరీక్షలు చేసి, క్షయ ఎవరికి, ఎలా అంటుతోందో ఏళ్లతరబడి లెక్కగట్టింది. సైన్సంటే ఏమిటో పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా దగ్గర ఉదాహరణ ఎక్కడ దొరుకుతుంది? పాఠాల్లో ఆ ఊసే వినబడలేదు.

అన్ని గడపల్లోనూ ఈ పాఠం జరగలేదు లెండి. పక్కవీధి అరుగు మీద ఇద్దరు ఒకరి లాగ్‌బుక్ చూసి ఇంకొకరు గళ్లు నింపుకుంటున్నారు. బస్సెడు పిల్లలకు వచ్చిన టీచర్లు ఇద్దరే. ప్రణాళిక ఎంత మంచిదైనా ప్రశ్న అడిగే మనిషి పక్కన లేకపోతే మిగిలేది కాగితమే.

ఒక్కరోజు కొలతతో బీపీ ఉందని తేల్చకూడదు, మళ్లీ వచ్చి చూడాలన్నారు మేడమ్. ‘‘ఈరోజంటే కూలి లేదు పాపా, ఇంట్లో ఉండా. పొద్దున కోతకు పోతా, మళ్లీ వచ్చేదుంటే సాయంత్రం రాండి’’ అంది అవ్వ. కళాశాల బస్సు రెండింటికల్లా తిరిగి వెళ్లిపోవాలి. సాయంత్రం రావాలంటే ఎవర్ని అడగాలని పిల్లలు మేడమ్‌ను చుట్టుముట్టారు.