తిన్నావా అని అడిగితే

మా అమ్మాయి బీటెక్ మొదటి ఏడాది, హాస్టల్లో ఉంటుంది. రోజూ రాత్రి ఫోన్ చేసి "తిన్నావా? ఏం కూర?" అని అడిగేదాన్ని. "వంకాయమ్మా" అనేది. నాకు నిశ్చింత.

ఉగాదికి ఇంటికొచ్చింది. జడ వేద్దామని కూర్చోబెడితే దువ్వెన నిండా జుట్టే. "అక్కడి నీళ్లు పడలేదేమో" అన్నాను. తలెత్తకుండానే, "మ్యాథ్స్ పోయిందమ్మా" అంది. ఇంటర్‌లో 960 తెచ్చుకున్న పిల్ల! రిజల్ట్స్ వచ్చిన దగ్గర్నుంచి మెస్‌కే వెళ్లట్లేదట. నాకు చెప్పిన కూరలన్నీ మెనూ బోర్డు చూసి చెప్పినవట.

"ఫీజెంత కట్టామో తెలుసా" అని నోటిదాకా వచ్చింది. జడ పాయలు చేతిలో ఉన్నాయి కాబట్టి ఆగానేమో. "సప్లీ ఎప్పుడు?" అన్నాను. అప్పుడు ఏడ్చింది. ఏడవనిచ్చాను. వాళ్ల నాన్నకి నేనే చెప్పాను.

వెళ్లేటప్పుడు దాని ఫోన్లో టెలిమానస్ నంబరు 14416 వేసిచ్చాను. ప్రభుత్వానిదే, పైసా ఖర్చు లేదు, అర్ధరాత్రయినా తెలుగులో మాట్లాడొచ్చు. "మన పిల్లకేమైనా పిచ్చా?" అన్నారు అత్తయ్యగారు. జ్వరానికి మాత్ర ఇచ్చి పంపినట్టే అత్తయ్యా అన్నాను.

ఇప్పుడు "ఎవరితో కూర్చుని తిన్నావు?" అని అడుగుతున్నాను. నిన్న కాసేపాగి, "ఒక్కదాన్నేనమ్మా" అంది. ఫోన్ పెట్టకుండా గంటసేపు మాట్లాడుకున్నాం.