ప్రచోదనం అంటే ఆవేశమేనా?



ఇంటర్ తెలుగు మీడియంలో మేం "ప్రచోదనం" అని చదువుకున్నం. డిగ్రీకి వచ్చేసరికి అదే ఇంపల్స్ అయింది. ఫిజిక్స్ సార్ ఒక తీరు చెప్తడు, జువాలజీ మేడం ఇంకో తీరు. షాపుల బిల్లు కట్టే కాడ అవసరం లేని చాక్లెట్ కొంటే అది కూడా ఇంపల్సేనట. ఆ రోగం మాకైతే లేదు, జేబుల పైసలుంటే కదా!

ఫిజిక్స్‌లో ప్రచోదనమంటే బలాన్ని అది పనిచేసిన కాలంతో గుణిస్తే వచ్చేది. 100 న్యూటన్ల బలం 1 సెకను పనిచేసినా, 2 న్యూటన్ల బలం 50 సెకన్లు పనిచేసినా లెక్క ఒకటే. ద్రవ్యవేగంలో అంతే మార్పు వస్తది. కాకపోతే పెద్ద దెబ్బ అందరికీ కనబడ్తది, చిన్నగా నెట్టేది కనబడదు. నాడీకణం సంగతి కూడా ఇట్లనే ఉంది. విశ్రాంతిలో దాని లోపల సుమారు మైనస్ 70 మిల్లీవోల్టులు ఉంటది. మైనస్ 55 దగ్గరికి చేరితేనే ప్రచోదనం బయల్దేరుతది, సగం సగం ఉండదు. ఒక్క చిన్న ప్రేరణ చాలదు గానీ, వెంటవెంట వచ్చినవి కూడితే ఆ హద్దు దాటుతది.

ఇదంతా ఎందుకు చెప్తున్నమంటే, మా రూంమేట్ నెల కింద రాత్రి బస్సుకు ఊరికి వెళ్ళిపోయిండు. "మీ వాళ్లకు ఆవేశం ఎక్కువ" అని ఒక పెద్దమనిషి తేల్చేసిండు. ఆ రోజు జరిగింది నిజంగా చిన్నదే. క్లాసులో ఇంగ్లిష్ పేరా చదవమంటే మధ్యలో ఆగిండు, వెనుక నుంచి నవ్విన్రు. ఆ ఒక్క నవ్వుకే పోయిండా? హాజరు పిలిచినప్పుడల్లా ఇంటిపేరు మీద నవ్వు, రాని స్కాలర్‌షిప్, పత్తికి ధర లేదని ఇంటి నుంచి ఫోన్లు, ఫోన్ల గోండి మాట్లాడితే పక్క బెంచీల చూపులు. 14 నెలలు. ఆ కాలాన్ని ఎవరూ లెక్కల పెట్టలే.

మన పెద్దల విషయంలోనూ ఇదే జరిగింది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం చనిపోయిండు. ఆ పోరాటం ఒక్కసారి లేచిన ఆవేశమన్నట్టు చెప్పేవాళ్ళు ఇప్పటికీ ఉన్నరు. తర్వాత నిజాం సర్కారే హైమెన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను మన గూడేలకు పంపింది. ఆయన రాసినదాంట్లో ఉన్నవి రిజర్వు ఫారెస్టు పేరుతో పోయిన పోడు, బయటివాళ్ల చేతుల పడ్డ భూములు, కింది ఉద్యోగుల వసూళ్లు. ఏండ్ల తరబడి జరిగినవే.

పరీక్ష ఫీజుకు ఇంకా టైం ఉంది. మేం ముగ్గురం రికార్డులు, నోట్సు పట్టుకొని ఈ ఆదివారం మావోడి ఊరికి పోతున్నం. పత్తి మిగిలి ఉంటే రెండు రోజులు ఉండి ఏరుతం. వాడు వస్తడో రాడో తెల్వదు. ఆగిపోయిన స్కాలర్‌షిప్‌కు ఎవరిని కలవాలో సీనియర్లకు తెలిస్తే శనివారం లోపు చెప్పండి, ఆ కాగితం కూడా పట్టుకపోతం.