గడ్డి మిషన్ మూలుగు

మా తమ్ముడి పశువుల కొట్టంలో గడ్డి కత్తిరించే యంత్రం ఒకటి ఉన్నది. ఊరు దేవరకొండ ప్రాంతంలోనిది. డిండి వాగు దాటితే ఒకనాటి మహబూబ్‌నగర్ జిల్లా. వానను నమ్ముకొని బ్రతికే ఈ మెట్ట నేలల్లో చాలా కుటుంబాలకు పంట కన్న పాలే నిలకడైన ఆదాయం. నాలుగు బర్రెలున్న ఇంట్లో ప్రతిరోజూ జొన్న చొప్పనో, వరిగడ్డినో, నేపియర్ గడ్డినో ముక్కలు చేయక తప్పదు. కొడవలితో పూటంతా పట్టే ఆ పనిని రెండు హార్స్‌పవర్ మోటారు కొద్ది నిమిషాల్లో ముగిస్తుంది. అందుకే ఇప్పుడు ఏ పల్లెకు వెళ్ళినా గడ్డి మిషన్ చప్పుడు వినిపిస్తుంది.

ఒక సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఆ చప్పుడులో తేడా గమనించాను. మోటారు హోరు కింద ఇసుక నమిలినట్లు గరగరమనే మరో శబ్దం. అదేమిటని అడిగితే తమ్ముడు, "రెండు నెలల సంది గట్లనే మోగుతుంది అన్నా, ఏం గాదు" అన్నాడు. నేనూ ఊరుకున్నాను. జీవితమంతా రోగుల గుండెల మీద స్టెతస్కోపు ఆనించి, సన్నని అపశ్రుతిని సైతం పట్టుకోవాలని తపించినవాణ్ణి, నాలుగడుగుల దూరంలో మూలుగుతున్న యంత్రాన్ని మాత్రం విని వదిలేశాను. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ తప్పే.

మాఘమాసంలో తమ్ముడి దగ్గర నుండి ఫోను వచ్చింది. పశువుల పనిలో సాయంగా ఉండే యువకుడు, తొట్టిలో ఇరుక్కున్న చొప్పను చేత్తో నెట్టబోయి కుడిచేతి చూపుడు వేలి కొసను, మధ్యవేలి కొసను పోగొట్టుకున్నాడు. కంగారులో ఎవరో గాయం మీద పసుపు కుక్కారు. తెగిన ముక్కలు చొప్పలో వెతికి దొరికించుకునేసరికి ఆలస్యమైంది. దొరికినవాటిని నేరుగా మంచుగడ్డల మధ్య పెట్టి తీసుకువెళ్ళారు. వాటిని అతికించడం సాధ్యపడలేదు. అతని బ్రతుకుతెరువు పాలు పితకడం. ఆ పనికి అన్నింటికన్న ముందు కావలసినవి బొటనవేలూ, ఈ రెండు వేళ్ళూ.

నేను వెళ్ళేటప్పటికి తమ్ముడు యంత్రానికి గోనెపట్టా కప్పి ఉంచాడు. దాన్ని అమ్మేస్తానన్నాడు. "అమ్మితే ఇంకొకరి ఇంట్లో మూలుగుతుంది, ముందు బాగుచేయిద్దాం" అన్నాను. దేవరకొండ నుండి ఒక పెద్ద మేస్త్రిని పిలిపించాము. ఆయన మొదట మోటారు తీగను బోర్డు నుండి పూర్తిగా వేరుచేసి, దాన్ని తన జేబులో పెట్టుకున్నాడు. తరువాత బెల్టు తీసి, కత్తుల చక్రాన్ని రెండు చేతులతో పట్టి పైకీ కిందికీ కదిపాడు. చక్రం రూపాయి బిళ్ళ మందాన ఊగింది.

"డాక్టర్ సాబ్, పిలగాని వేళ్ళు కత్తులు కోసినయి అనుకుంటున్రు. గవి గాదు, గీ బేరింగులు కోసినయి" అన్నాడు.

ఆ మాటలోని కార్యకారణ సంబంధం నాకు వెంటనే బోధపడలేదు. ఆయనే విడమరచి చెప్పాడు. తిరిగే కత్తికీ, కదలని ఇనుప పట్టీకీ మధ్య కాగితమంత సందు మాత్రమే ఉండాలి. కత్తెర రెండు రేకులు ఒరుసుకుంటేనే గుడ్డ తెగినట్లు, ఇక్కడ గడ్డి తెగుతుంది. బేరింగులు అరిగితే షాఫ్టు కుంగుతుంది, సందు పెరుగుతుంది. అప్పుడు చొప్ప తెగక వంగి, మడతపడి, తొట్టిలో ఇరుక్కుంటుంది. ఇరుక్కున్నదాన్ని నెట్టడానికి మనిషి చేయి వెళుతుంది. మంచి యంత్రం చేతిని పిలవదు. మా తమ్ముడిది లోపలికి లాగే రోలర్లు లేని చిన్నరకం కనుక ఆ పిలుపు మరీ ఎక్కువ.

బేరింగు విప్పి చూస్తే గ్రీజు ఎండి నల్లని పిడకలా ఉన్నది. గుండ్ల మీద గుంటలు పడ్డాయి. అసలు సంగతి అంతకన్న లోతుగా ఉన్నది. బేరింగు లోపలి కడియాన్ని షాఫ్టుకు పట్టి ఉంచే చిన్న మరలు వదులై, కడియం షాఫ్టు మీదనే తిరుగుతూ దాన్ని గాడిగా కోసేసింది. నిరుడు ఒక బేరింగు మార్చారట. అరిగిన షాఫ్టుకు కొత్త బేరింగు తొడిగితే అది ఎన్నాళ్ళు నిలుస్తుంది? జ్వరానికి మాత్ర వేసి, జ్వరానికి మూలమైన చీముగడ్డను వదిలేసినట్లయింది.

షాఫ్టును వెల్డింగుతో నింపి లేత్ మీద నున్నగా తీయవచ్చు కదా, ఖర్చు తక్కువ కదా అని తమ్ముడు అడిగాడు. మేస్త్రి ఒప్పుకోలేదు. ఒకే చోట వేడి తగిలితే షాఫ్టు వంగే ప్రమాదం ఉన్నది, అతుకు అంచున పగులు మొదలు కావచ్చు. విరిగిన ఎముకకు అతుక్కునే శక్తి ఉన్నది, ఉక్కుకు ఆ వరం లేదు. కనుక ఈఎన్ 8 రకం ఉక్కు కడ్డీ తెచ్చి, 30 మిల్లీమీటర్ల కొలతకు లేత్ మీద తీయించి, పుల్లీ కోసం కీ గాడి కోయించాడు.

బేరింగుల అంకెల గుట్టు కూడా ఆయన దగ్గరే తెలుసుకున్నాను. 206 అని ఉంటే చివరి 06ను 5తో గుణించాలి, 30 మిల్లీమీటర్ల షాఫ్టుకు సరిపోతుందని అర్థం. 04 నుండి పై అంకెలకు ఈ లెక్క పనిచేస్తుంది. ఒకటి అరిగినా రెండు బేరింగులనూ మార్చాడు. సుత్తితో కొట్టకుండా, లోపలి కడియం మీదనే ఒత్తిడి పడేటట్లు మెల్లగా తొడిగాడు. బెల్టును తీగలా బిగించవద్దన్నాడు, ఆ లాగుడంతా బేరింగు మీదనే పడుతుంది. గ్రీజు కూడా మితంగానే ఉండాలి, కుక్కితే బేరింగు వేడెక్కుతుంది. చివరకు పుల్లీని చేత్తో తిప్పుతూ కత్తికీ పట్టీకీ మధ్య ఒక కాగితం అందించాడు. అది ఈ కొస నుండి ఆ కొస దాకా శుభ్రంగా తెగింది. గడ్డి వేయకుండా పావుగంట నడిపి, ఆపి, తీగ తీసి, బేరింగు పెట్టెలను తాకి చూశాడు. గోరువెచ్చగా ఉన్నాయి. గరగర పోయింది.

మొత్తం ఖర్చు ఒక బర్రె పది రోజుల పాల డబ్బు కన్న ఎక్కువ కాలేదు.

నూర్పిడి యంత్రాల వంటివాటితో జరిగే ప్రమాదాలను అరికట్టడానికి 1983లోనే పార్లమెంటు ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టాన్ని చేసింది. అయినా కొట్టంలోని యంత్రాన్ని రోజూ కనిపెట్టవలసింది ఇంటివారే. శబ్దం మారినా, వేడెక్కినా, ఊగినా, గడ్డి తరచుగా ఇరుక్కున్నా ఆ రోజే ఆపండి. తొట్టి మీ చేతి కన్న పొడవుగా ఉండాలి. నెట్టడానికి పక్కనే ఒక కర్ర ఉంచండి. బెల్టుకు మూత ఉండాలి. కొంగు, తువ్వాలు, వదులు చొక్కా చేతులు దరికి రానివ్వకండి. స్విచ్చి ఆపినంత మాత్రాన చక్రం ఆగదు, కొంతసేపు తిరుగుతూనే ఉంటుంది.

ఒకవేళ వేలు తెగితే గాయాన్ని శుభ్రమైన బట్టతో గట్టిగా అదిమి, చేతిని పైకెత్తి ఉంచండి. పసుపు, కాఫీపొడి, కిరోసిన్ ఏదీ వద్దు. తెగిన భాగాన్ని మంచినీటితో మెల్లగా కడిగి, తడిపి పిండిన శుభ్రమైన బట్టలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, నీళ్ళు చొరకుండా మూతి బిగించండి. ఆ సంచిని మంచుగడ్డలు వేసిన నీళ్ళలో ఉంచండి. మంచు నేరుగా తగిలితే కణజాలం చచ్చిపోతుంది. 108కి ఫోను చేసి, వేళ్ళు అతికించే సౌకర్యం ఉన్న ఆసుపత్రికి ఎంత తొందరగా చేరితే అంత మంచిది. ధనుర్వాతం టీకా సంగతి అక్కడ తప్పక గుర్తుచేయండి.

ఆ యువకుడు మళ్ళీ పనికి వచ్చాడు. ఎడమచేత్తో పాలు పితకడం నేర్చుకుంటున్నాడు. ఒకప్పుడు పావుగంటలో ముగించే బర్రెకు ఇప్పుడు అరగంట పడుతున్నది. మొన్న నేను వెళ్ళినప్పుడు మిషన్ దగ్గర నిలబడి చెవి పెట్టి వింటున్నాడు. "సప్పుడు జర మారినా బంద్ చేస్త సార్, ఎవరినీ అడగ" అన్నాడు. సంక్రాంతినాడు ఆ మాట అనవలసినవాణ్ణి నేను.