కర్ఖేలిలో బొంతల మూటలు

నిజామాబాదు నుంచి నాందేడు వైపు పోయే రైలు గోదావరి వంతెన దాటగానే బాసర వస్తుంది. మన వాళ్లలో చాలామంది అక్కడే దిగి, సరస్వతీ దేవి సన్నిధిలో పిల్లలకు అక్షరాభ్యాసం చేయించి, తిరుగు బండి పట్టుకుంటారు. దిగకుండా కూర్చుంటే మిరపకాయల మార్కెట్టుకు పేరుపడ్డ ధర్మాబాదు, ఆ పైన కర్ఖేలి. స్టేషను చిన్నది. చుట్టూ నల్లరేగడి చేలు. పత్తికి పుట్టినిల్లు వంటి నేల.

ఈ ప్రాంతం కదలకుండానే ఎన్నో చేతులు మారింది. 1948 వరకు నిజాం రాజ్యం. తర్వాత హైదరాబాదు రాష్ట్రం. 1956 నవంబరు 1న బొంబాయి రాష్ట్రంలో కలిసింది. 1960 మే 1 నుంచి మహారాష్ట్ర. అందువల్ల బడిలో మరాఠీ, బజారులో మరాఠీ, హిందీ, కొన్ని ఇళ్ల వంటింట్లో మాత్రం తెలుగు. నాకు దూరపు వరుసకు పెద్దమ్మ అయ్యే ఆవిడ ఇల్లు అటువంటిదే. ఆవిడ దాచిన బట్టల మూటలను గురించి మన సోదరీమణులకు చెప్పాలనే ఈ నాలుగు మాటలు.

మనం బొంత అనేదానిని అక్కడ గోధడి అంటారు. పాత చీరలు, ధోవతులు పొరలు పొరలుగా పరచి, అంచు నుంచి లోపలికి చేతికుట్టు వేసుకుంటూ పోతే బొంత తయారవుతుంది. సంస్కృతంలో దీనినే కంథ అన్నారు. వంగదేశంలో కాంథా అంటారు. అమెరికాలో అలబామా రాష్ట్రపు గీస్ బెండ్ అనే పల్లెలో నీగ్రో జాతి స్త్రీలు, అంటే నేటి మాటలో ఆఫ్రికన్ అమెరికన్ స్త్రీలు, పొలంలో తొడిగి చిరిగిన బట్టలతో కుట్టిన బొంతలను 2002లో హ్యూస్టన్ నగరపు కళాప్రదర్శనశాలలో గోడలకు వేలాడదీసి చూపించారు. పాత గుడ్డను పారవేయలేని ఇల్లాలు అన్ని దేశాల్లోనూ ఉన్నదన్నమాట.

బొంత కుట్టడం కంటె కష్టమైనది, కుట్టేదాకా గుడ్డను కాపాడడం. పది చీరలైతే ఒక మూటలో ఇమిడిపోతాయి. ముగ్గురు కోడళ్లు, ఇద్దరు కూతుళ్లు, నలభై ఏళ్ల కాపురం కలిస్తే గది నిండుతుంది. పెద్దమ్మ ఇంట్లో గది నిండింది. వాడకట్టులోకి పాతబట్టలు తీసికొని స్టీలు గిన్నెలిచ్చేవాళ్లు వచ్చినప్పుడల్లా, అవన్నీ ఇచ్చివేద్దామని కోడళ్లు అనేవారట. గదిలో ధాన్యం బస్తాలు పెట్టుకోవచ్చునని వారి వాదం. అదీ కాదనలేని మాటే.

ఆవిడ పట్టుబట్టి ఒక ఎండాకాలం గది అంతా సర్దింది. రంగులను బట్టి సర్దలేదు. గుడ్డ బలాన్ని బట్టి సర్దింది. రెండు చేతులతో పట్టి లాగి చూసి, గట్టిగా నిలిచినవి పైపొరకు. పిగిలేటట్టున్నవి లోపలి పొరలకు. అంచులూ కొంగులూ చుట్టూ కుట్టే పట్టీలకు. మెత్తబడ్డ తెల్ల ధోవతులు పసిపిల్లల పొత్తిళ్లకూ చిన్న బొంతలకూ. జరీవి, పట్టువి వేరే పెట్టెలో. నైలాను, పాలియెస్టరు చీరలను ఏ మూటలోనూ చేర్చలేదు. అవి చెమట పీల్చవు, పక్కన నూలుగుడ్డ ఉంటే జారిపోతాయి. గిన్నెలవాళ్లకు ఆ కుప్పే పోయింది. కోడళ్లకు సగం గది దక్కింది.

ఆవిడకు అక్షరాలు రావు. లెక్క మాత్రం గట్టిది. తొమ్మిది గజాల చీర అంటే 27 అడుగులు. ఆరేసి అడుగుల ముక్కలు నాలుగు వచ్చి, మూడడుగులు పట్టీలకు మిగులుతుంది. ఆరు గజాల చీర 18 అడుగులు, మూడు ముక్కలే. పన్నా 45 అంగుళాలుంటే ఒక మనిషి కప్పుకొనే బొంత. ఇద్దరికి కావాలంటే పన్నాలు జోడించాలి. అందుకని తొమ్మిది గజాలవి ఒక మూట, ఆరు గజాలవి ఒక మూట. విప్పకుండానే ఎన్ని బొంతలవుతాయో చెప్పగలదు.

మూటలో ఏమున్నదో ఎలా తెలుస్తుందని అడిగాను. ప్రతి మూట ముడికీ లోపలి గుడ్డల నుంచి ఒక్కొక్క పేలిక కట్టి ఉన్నది. "ఏమున్నది బిడ్డా, కంటికి తెల్వాలె, చేతికి దొరకాలె, గంతే" అన్నది.

నూలుగుడ్డకు శత్రువులు తేమ, చెద, ఎలుక, గంజి కోసం వచ్చే పురుగు. ఉన్నిని, పట్టును కొరికే పురుగు నూలు జోలికి అంతగా రాదు. కనుక దాచే గుడ్డకు గంజి పెట్టరాదు. బాగా ఉతికి, తిరగవేసి ఎండబెట్టి, వేడి చల్లారాక మడవాలి. ప్లాస్టిక్ సంచిలో కడితే తేమ లోపలే నిలిచి బూజు పడుతుంది. ఉతికిన తెల్లధోవతిలో కట్టడం మేలు. సందుగను ఇటుకలపైన, గోడకు జానెడు ఎడంగా పెట్టాలి. పచ్చి వేపాకు మరక చేస్తుంది. ఎండిన ఆకును చిన్న గుడ్డలో కట్టి పెట్టవచ్చు. ఏడాదికొకసారి మడత మార్చాలి. ఒకే మడతలో ఏళ్ల తరబడి ఉన్న గుడ్డ ఆ గీత వెంటే చినుగుతుంది. ఆ ఊళ్లో దీనికి వేళ ఉండనే ఉన్నది. ఘటస్థాపనకు ముందు మరాఠీ ఇళ్లలో పక్కబట్టలన్నీ ఉతుకుతారు. మనవాళ్లకు అప్పుడే పెత్తరమాస, బతుకమ్మ. ఇరుగుపొరుగు దండేలన్నీ ఒక్కసారి నిండుతాయి.

నేనున్న రెండు రోజుల్లో పెద్ద మనుమరాలు ఒక పని చేసింది. ఆ పిల్ల తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. నాయనమ్మ పక్కన కూర్చుని ఒక్కొక్క మూట విప్పించి, ఏ చీర ఎవరిది, ఏ పెళ్లికి వచ్చింది అడిగి, కాగితం మీద వ్రాసి మూటలో పెట్టింది. మాటలు తెలుగు, లిపి మరాఠీ. "అమ్మమ్మ పెండ్లి చీరె" అని నాగరి అక్షరాలలో ఉన్నది. కొన్ని పేలికలు చూసి పెద్దమ్మ చాలాసేపు ఆలోచించింది. మూడింటి సంగతి గుర్తుకు రాలేదు. వాటి కాగితం ఖాళీగానే పెట్టారు. ఆ పని పదేళ్ల కిందట జరిగి ఉంటే ఆ మూడూ నిండేవి.

మన సంఘంలోని కుటుంబాలు ఎక్కడెక్కడో స్థిరపడి రెండు మూడు తరాలు గడిచాయి. ప్రతి ఇంట్లోనూ మంచం కింద ఒక పెట్టె, అటక మీద ఒక మూట ఉంటుంది. ఈసారి పండుగకు ఇల్లు దులిపేటప్పుడు దానిని దించి, అత్తగారినో అమ్మనో పక్కన కూర్చోబెట్టుకోండి. ఏది బొంతకు, ఏది మసిగుడ్డకు, ఏది ఇచ్చివేయడానికి అన్నది వారి చేతనే తేల్పించండి. కాగితం, కలం పిల్లల చేతికి ఇవ్వండి. వాళ్లకు ఏ లిపి వస్తే ఆ లిపిలోనే వ్రాయనివ్వండి.