చెయ్యి చెప్పిన గుండె మాట

సంచికకు ఏదైనా రాసివ్వమని యూనియన్ కార్యదర్శి అడిగినప్పుడు, పాత విద్యార్థిగా హాస్టలు మెస్సు గురించి, సాంబారులో ముక్కల కరువు గురించి నాలుగు నవ్వుల మాటలు రాద్దామనుకున్నాను. కాగితం ముందు పెట్టుకునేసరికి మా నాయన ఎడమ చెయ్యి జ్ఞాపకం వచ్చింది. ఇక వేరే విషయం కలం మీదికి రాలేదు.

1997లో నేను జంతుశాస్త్రం ఎమ్మెస్సీ చివరి సంవత్సరంలో ఉన్నాను. శరీరధర్మశాస్త్రం పేపర్లో ఒక ప్రశ్న వచ్చింది: లోపలి అవయవం నొప్పి పైన శరీరం గోడలో ఎందుకు తెలుస్తుంది? నాకు బాగా వచ్చిన ప్రశ్న. వెన్నుపాము నుంచి 31 జతల నాడులు బయలుదేరతాయి. ఒక్కో నాడి వెనక వేరు మీద చిన్న ఉబ్బు ఉంటుంది. దాన్నే పృష్ఠమూల నాడీసంధి అంటాం. చర్మం, కండరాల కబురు మోసే నాడీకణాలూ, గుండె, పేగుల నొప్పి కబురు మోసే నాడీకణాలూ ఆ ఉబ్బులోనే పక్కపక్కన కాపురం చేస్తాయి. ఒక్కో కణం నుంచి ఒకే పోగు బయలుదేరి రెండుగా చీలుతుంది. ఒకటి శరీరంలోకి, రెండోది వెన్నుపాములోకి. ఇదంతా రంగు పెన్సిళ్ళతో బొమ్మ వేసి, గుండె జబ్బు ఎడమ చేతి నొప్పిగా బయటపడవచ్చునని కింద గీత గీసి మరీ రాశాను. మార్కులూ బాగానే పడ్డాయి.

పరీక్షలయ్యాక మే నెలలో ఇంటికి వెళ్ళాను. మాది ఉదయగిరి. దుర్గం కొండ నీడలో ఊరు. మా నాయన కొయ్య గరిటెలు, చెంచాలు చెక్కేవాడు. ఎడమ చేత్తో కొయ్య పట్టుకుని, కుడి చేత్తో ఆకురాయి ఆడించేవాడు. ఆ రోజు పని మధ్యలో ఆపి చెయ్యి పిసుక్కుంటున్నాడు.

"ఏంది నాయనా?"

"ఏం లేదబ్బయా. చెయ్యి గుంజతా ఉంది. నిన్న కొయ్య గట్టిది పడింది."

కొయ్య పట్టుకునేది ఆ చేత్తోనే గదా అని నేనూ అనుకున్నాను. భుజం నుంచి చిటికెన వేలు దాకా అమృతాంజనం రాశాను. కాసేపు కూర్చుంటే తగ్గేది. బావి నుంచి నీళ్ళబిందె మోసుకొస్తే మళ్ళీ మొదలయ్యేది. మూడు రోజులు అట్లానే గడిచాయి. మూడు రోజులూ రాసింది నేనే, నా చేతులతోనే.

నాలుగో రోజు నెల్లూరులో ఎముకల డాక్టరుకు చూపిద్దామని తెల్లవారుజామునే బస్సెక్కాం. ఆత్మకూరు చేరేలోపల నాయన చొక్కా చెమటతో తడిసిపోయింది. భయమేసి అక్కడే దించి, దగ్గర్లో ఉన్న ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన చెయ్యి వంక చూడనేలేదు.

"నడిస్తే ఎక్కువవుతుందా? కూర్చుంటే తగ్గుతుందా?"

"అవును సార్."

వెంటనే ఇసిజి తీశారు. కాగితం చూసి, ఒక మాత్ర నమిలించి, నెల్లూరుకు కారు పురమాయించారు. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వేం చదువుతున్నావు?" అన్నారు.

"జువాలజీ ఎమ్మెస్సీ సార్."

"అట్టనా" అన్నారు. అంతే. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

కారు కోసం ఎదురుచూస్తూ రోడ్డు మీద వచ్చే బస్సులను చూస్తుంటే, పరీక్షలో బొమ్మ వేసిన నాకు విషయం అప్పుడు అర్థమైంది. మా ఊరి బస్సు ఆత్మకూరు మీదుగానే నెల్లూరు పోతుంది. నెల్లూరులో ఆత్మకూరు బస్టాండులో దిగితే పట్నంవాళ్ళు "ఆత్మకూరు నుంచా?" అంటారు. ఉదయగిరి వాడూ ఆ లెక్కలోనే పోతాడు. మెదడు కూడా అంతే. గుండె నుంచి, చేతి లోపలి అంచు నుంచి వచ్చే పోగులు వెన్నుపాములో ఒకేచోట కలుస్తాయి. చేతి కబుర్లు రోజూ వచ్చేవి. గుండె కబురు ఎప్పుడో గాని రాదు. అందుకని కబురు చేతిదేనని మెదడు లెక్క కట్టేస్తుంది.

ఇంగ్లండులో హెన్రీ హెడ్ ఏ అవయవం జబ్బుకు ఏ చోట చర్మం నొస్తుందో గమనించి 1893లోనే ప్రకటించాడు. దారులు వెన్నుపాములో కలుస్తాయన్న వివరణను 1946లో రచ్ చెప్పాడు. 1948లో సింక్లెయిర్, వెడెల్, ఫైన్‌డెల్ అనే ముగ్గురు మరో మాట అన్నారు: ఒకే కణం పోగు చీలి ఒక కొమ్మ అవయవానికీ, మరో కొమ్మ శరీరం గోడకూ పోవచ్చునని. మా మేనమామకు ఉదయగిరిలో ఇల్లు, ఆత్మకూరులో అంగడి ఉన్నట్టు. ఆయన కబురు పంపితే ఏ ఊరి సంగతో ముందు తేల్చుకోవాలి. 1986లో మెక్‌నీల్, బర్డెన్ ఎలుకల్లో గుండెకు ఒక రంగు, ఎడమ ముంగాలి నాడికి మరో రంగు ఎక్కించి చూస్తే, రెండు రంగులూ పట్టిన కణాలు నాడీసంధిలో కనబడ్డాయి. అలాంటి కణాలు కొద్దిపాటివే. ఎక్కువ భాగం వెన్నుపాములోని కలయిక వల్లనేనని ఇప్పటి అవగాహన.

గుండె ఒక్కటే కాదు. అపెండిక్సు నొప్పి మొదట బొడ్డు చుట్టూ తెలుస్తుంది. ఉదరవితానం కింద చెడు చేరితే భుజం కొసన నొస్తుంది. పిండదశలో ఉదరవితానం మెడ దగ్గర పుట్టి, నాడిని వెంటబెట్టుకుని కిందికి దిగింది మరి. ఎంత దూరం పోయినా పుట్టిన ఊరి పేరు వదల్లేదు.

మా నాయన బతికాడు. ఆ తర్వాత పదకొండేళ్ళు తేలికపాటి కొయ్యతో గరిటెలు చెక్కాడు. అందరికీ ఆ అదృష్టం ఉండదు. మా మెట్ట ఊళ్ళలో ఎన్ని గుండెలు జబ్బ నొప్పిగా, దవడ నొప్పిగా, గ్యాసుగా లెక్కకొచ్చి ఆలస్యమైపోయాయో! చక్కెర జబ్బు ఉన్నవాళ్ళకైతే నొప్పే సరిగా తెలియకపోవచ్చు. ఇప్పుడు 108 ఉంది. కానీ ఫోను చెయ్యాలంటే ముందు అనుమానం రావాలి గదా. ఆ అనుమానం ఊరికి మోసుకుపోవలసింది సెలవులకు ఇంటికెళ్ళే మనమే. మిత్రులారా, పరీక్షలో వేసిన బొమ్మను జవాబు కాగితంలోనే వదిలేసి రాకండి.

తర్వాత్తర్వాత నేను ఊరికి వెళ్ళినప్పుడల్లా "చెయ్యి ఎట్టుంది నాయనా?" అని అడిగేవాణ్ణి.

"చెయ్యి బాగానే ఉంది. దాన్నెందుకు అడుగుతావు, గుండెనడుగు" అనేవాడు నవ్వుతూ.