నీటి మీద ఇల్లు, గట్టు మీద హక్కు

లండన్ నగరంలో రీజెంట్స్ పార్కు అంచున బంగారు వన్నె గుమ్మటంతో మెరిసే సెంట్రల్ మసీదులో జుమా నమాజు ముగించుకొని వెలుపలికి వచ్చాము. మా అబ్బాయి మమ్మల్ని బస్సు వైపు గాక మరో దిక్కుకు నడిపించాడు. కొద్ది నిమిషాలలోనే ఒక కాలువ గట్టుకు చేరాము. నిశ్చలమైన ఆకుపచ్చని నీటిపై బారులు తీరి పడవలు కట్టి ఉన్నాయి. వాటి కప్పుల మీద పూలకుండీలు, కట్టెల మోపులు, సైకిళ్ళు. ఒక పొగగొట్టం నుండి సన్నగా పొగ లేస్తున్నది. ఒక ఇల్లాలు కిటికీ తెరచి గుడ్డ దులుపుతున్నది.

“అబ్బా, మేము కూడా ఇలాంటిదొకటి కొందామనుకుంటున్నాము. మీరు చూసి చెప్పండి” అన్నాడు మావాడు.

హౌస్‌బోటు అనగానే మనకు శ్రీనగర్‌లోని దాల్ సరస్సో, కేరళ జలాలో గుర్తుకు వస్తాయి. అక్కడ మనం విడిదికి వెళ్తాము, రెండు రోజులుండి తిరిగి వస్తాము. లండన్‌లోని ఈ పడవలు ఎక్కువగా కాపురాలుండే ఇళ్ళు. 1820లో పూర్తిగా తెరచిన ఈ రీజెంట్స్ కాలువలో ఒకప్పుడు బొగ్గు, కలప తరలించేవారు. గుర్రాలు గట్టు వెంట నడుస్తూ పడవలను తాళ్ళతో లాగేవి. రైళ్ళు, లారీలు వచ్చాక సరుకు పోయింది, కాలువ మిగిలింది. మన గోదావరి, కృష్ణా డెల్టా కాలువలపై ఉన్నట్లే అక్కడా లాకులు ఉన్నాయి. ఇంగ్లండు మధ్య ప్రాంతపు లాకులు ఏడడుగుల వెడల్పువే గనుక వాటిలో పట్టేలా కట్టిన పడవలు ఏడడుగులకు లోపు వెడల్పు, డెబ్బై అడుగుల దాకా పొడవు ఉంటాయి. వాటినే నారోబోట్లు అంటారు.

మావాడి ఆలోచనకు కారణం సరదా కాదు. జీతంలో సగం అద్దెకే పోతున్నది. ఇల్లు కొనాలంటే బ్యాంకు అప్పు తీసుకోవాలి, అప్పుకు వడ్డీ కట్టాలి. వడ్డీ జోలికి పోరాదని పెళ్ళినాడే ఆ దంపతులు నిశ్చయించుకొన్నారు. వడ్డీ లేని గృహ పథకాలు అక్కడ ఉన్నా, వాటికి కావలసిన తొలి మొత్తం వారి దగ్గర లేదు. అయిదేళ్ళు కూడబెట్టినది అరవై వేల పౌండ్లకు కొంచెం పైన. సరిగ్గా అంత ధరకే, “రేవుతో సహా” అనే ప్రకటనతో, నగరపు పడమటి శివార్లలో ఒక పడవ అమ్మకానికి వచ్చింది. అప్పు లేదు, వడ్డీ లేదు, అద్దె లేదు. వింటుంటే నాకూ అల్లాహ్ తెరచిన ద్వారమేననిపించింది.

మరునాడు చూడబోయాము. యాభై ఏడడుగుల పడవ. లోపల అడుగు పెట్టగానే కట్టెల పొయ్యి వెచ్చదనం తగిలింది. వంటగది, సోఫా, పడకగది అన్నీ రైలు పెట్టెలోవలె ఒకదాని వెనుక ఒకటి ఉన్నాయి. నీళ్ళు తొట్టిలో నింపుకోవాలి, గ్యాసు బండ మోసుకురావాలి, మరుగుదొడ్డి పెట్టెను మనమే తీసుకెళ్ళి ఖాళీ చేయాలి. అయినా కోడలి ముఖంలో సంతోషం దాగలేదు. అస్ర్ వేళ అయింది. ఫోనులో దిక్సూచి చూసి, ఆగ్నేయంగా ఉన్న ఖిబ్లా వైపు తిరిగి నిలబడ్డాము. ఇరుకు గనుక ఇమాముగా నిలిచిన మావాడి పక్కనే భుజానికి భుజం తగిలేలా నేను నిలిచాను. నా శ్రీమతి, కోడలు మా వెనుక నిలిచారు. నీరు మెల్లగా కదులుతుంటే సజ్దాలో నేల కూడా కదిలినట్లయింది.

ఆ కదలికే నన్ను ఆలోచింపజేసింది. మా కర్నూలులో కె.సి. కాలువ ఉంది. నీటి పారుదలకే గాక పడవల రాకపోకలకూ అని పందొమ్మిదవ శతాబ్దంలో తవ్వించినది. కాలువ గట్ల మీద పట్టా లేకుండా ఇళ్ళు వేసుకొన్నవారిని చిన్ననాటి నుండి చూస్తున్నాను. గోడ వారిది, కప్పు వారిది, నేల మాత్రం వారిది కాదు. ఖాళీ చేయమన్న కాగితం వచ్చిన రోజు గోడకూ కప్పుకూ విలువ ఉండదు. అందుకని అమ్మే ఆయనను మావాడి చేత ఒకే ప్రశ్న అడిగించాను: “పడవ మీది, సరే. ఇది కట్టి ఉన్న ఈ చోటు ఎవరిది?”

ఆయన నవ్వి ఒక కాగితం చూపించాడు. అది గట్టు యజమాని ఇచ్చిన ఏడాది అనుమతి. మావాడు నెమ్మదిగా చదివి అర్థం చెప్పాడు. ఆ రేవు విహారానికి వాడే పడవలకు ఉద్దేశించినది, అక్కడ శాశ్వతంగా నివసించరాదు. అనుమతి ఆయన పేరుకు మాత్రమే చెల్లుతుంది, పడవ అమ్మితే కొన్నవారికి సంక్రమించదు. “అంతా ఇలాగే ఉంటున్నారు, ఎవరూ అడగరు” అన్నాడాయన. గట్టు కార్యాలయంలో విచారిస్తే, కొత్త యజమాని కొత్తగా దరఖాస్తు పెట్టుకోవాలనీ, నివాసానికైతే ఖాళీ లేదనీ చెప్పారు. మావాడు ఆ సాయంత్రమే బయానా పంపడానికి సిద్ధపడి ఉన్నాడు. పంపలేదు, అల్‌హమ్దులిల్లాహ్.

తరువాతి రోజులలో మేమిద్దరం కూర్చొని తెలుసుకొన్న సంగతులు, పిల్లలు విదేశాలలో ఉన్న తల్లిదండ్రులకు పనికివస్తాయని ఇక్కడ వ్రాస్తున్నాను.

ఇంగ్లండు, వేల్స్‌లలో సుమారు 2,000 మైళ్ళ జలమార్గాలను 2012 నుండి కెనాల్ అండ్ రివర్ ట్రస్టు అనే ధర్మసంస్థ నిర్వహిస్తోంది. దాని కాలువలలో పడవ ఉంచాలంటే లైసెన్సు, బీమా, నాలుగేళ్ళకొకసారి భద్రతా ధ్రువపత్రం ఉండాలి. ఇవన్నీ పడవకు సంబంధించినవి. నిలిచే చోటు సంగతి వేరు. 1995 నాటి చట్టం ప్రకారం పడవకు సొంత రేవైనా ఉండాలి, లేదా అది ఏ ఒక్క చోటా సాధారణంగా 14 రోజులకు మించి ఆగక నిజంగా ప్రయాణం సాగిస్తూ ఉండాలి. ఒంటరి యువకులకు ఈ సంచారం కుదరవచ్చు. బడికి వెళ్ళే పిల్లలు, వైద్యుడి దగ్గర నమోదు, ఉత్తరాలకు స్థిరమైన చిరునామా కావలసిన కుటుంబానికి అది కష్టం.

ఇక శాశ్వతంగా కాపురముండటానికి అనుమతి ఉన్న రేవు, అంటే నివాస రేవు, దొరకడం అరుదు. దానికి గట్టు యజమాని ఒప్పందంతో పాటు స్థానిక పురపాలక సంస్థ నుండి నివాసానికి అనుమతి కూడా ఉండాలి. ఈ రెండూ ఉన్నా అది మామూలుగా అద్దెదారు హక్కు కాదు, గడువు గల అనుమతి మాత్రమే. చక్రాల ఇళ్ళ స్థలాలలో నివసించేవారికి 1983 నాటి చట్టం కొంత రక్షణ ఇచ్చింది. పడవవాసులకు ఆ రక్షణ వర్తించదు. చెక్క వేదికలపై ఏళ్ళ తరబడి నిలిచి ఉన్న పడవ ఇళ్ళ వివాదంలో, అవి భూమిలో భాగం కావని 2011లో అక్కడి అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. వాటిలో ఉన్నవారికి ఇంటి అద్దెదారుకుండే చట్టరక్షణ దక్కలేదు.

కనుక పడవ కొనేవారు ముందుగా రేవు ఒప్పందాన్ని చేతబట్టి చదవాలి. నివాసానికి అనుమతి ఉన్నదా? గడువు ఎంత? ఎన్నాళ్ళ నోటీసుతో రద్దు చేయవచ్చు? రుసుము ఎలా పెంచుతారు? పడవ అమ్మినప్పుడు రేవు వెంట వస్తుందా? ఈ జవాబులను అమ్మేవాని నోట గాక గట్టు యజమాని నుండి వ్రాతపూర్వకంగా పొందాలి. ఇళ్ళకు ఉన్నట్లు ఈ పడవలకు తప్పనిసరి యాజమాన్య రిజిస్టరు లేదు గనుక పాత అమ్మకపు కాగితాలన్నీ చూడాలి. పడవను నీటి నుండి పైకి తీయించి నిపుణునితో రేకు మందం కొలిపించాలి. ఆధునిక పడవలకు అడుగు రేకు సాధారణంగా 10 మిల్లీమీటర్లు, పక్కలు 6 మిల్లీమీటర్లు ఉంటుంది. తుప్పు తిన్నచోట ఎంత మిగిలిందో పైరంగు చూసి తెలియదు.

ఇవి చదువుతుంటే మన ధర్మశాస్త్రం ఎంత ముందుచూపుతో మాట్లాడిందో అర్థమైంది. దైవప్రవక్త (స) అంగడిలో ధాన్యపు రాశిలోకి చేయి పోనిచ్చి, అడుగున దాగిన తడిని బయటపెట్టి, వర్తకుణ్ణి మందలించిన సంఘటన మనకు తెలిసినదే. నీటిలోని చేపను పట్టకముందే అమ్మడాన్ని ఫుఖహాలు ‘గరర్’కు, అంటే అనిశ్చితితో కూడిన బేరానికి, ఉదాహరణగా చెప్పారు. వడ్డీ నుండి తప్పించుకోవాలన్న తొందరలో మావాడు గరర్ ఒడిలో పడబోయాడు. హలాల్ సంపాదనను హలాల్ ఉద్దేశంతో ఖర్చు చేస్తున్నప్పుడు కూడా బేరం స్పష్టంగా ఉండటం షరీఅత్ కోరే షరతే.

నివాస రేవుతో నిజాయితీగా అమ్మే పడవలు లేవని కాదు. మావాడి సహోద్యోగి ఒకరు వ్రాతపూర్వకమైన ఒప్పందంతో ఏళ్ళుగా సుఖంగా ఉంటున్నారు. అయితే ఆయన రేవుకు చెల్లించే రుసుము చిన్న గది అద్దెకు తీసిపోదు. అద్దె లేని ఇల్లన్నది ఆ లెక్కలోనూ నిజం కాలేదు.

మేము తిరుగు ప్రయాణమయ్యే వారం మళ్ళీ జుమాకు అదే మసీదుకు వెళ్ళాము. ఈసారి దాని చరిత్ర మావాడే చెప్పాడు. ఆ స్థలాన్ని బ్రిటిష్ ప్రభుత్వం ముస్లిములకు ఇవ్వగా, 1944లో అక్కడ ఇస్లామిక్ కల్చరల్ సెంటరు ప్రారంభమైంది. ఇప్పుడు మనం చూసే మసీదు పూర్తయినది 1977లో. ముందుగా నేల చేతికి వచ్చింది. గుమ్మటం లేవడానికి ముప్ఫై మూడేళ్ళు పట్టింది.

“అబ్బా, ఇంకో మూడేళ్ళు కూడబెడతాము. చిన్నదైనా సరే, వడ్డీ లేని పథకంలో నేల మీది ఇల్లే చూస్తాము” అన్నాడు మావాడు. కోడలు మాత్రం కాలువ వైపు ఒకసారి తిరిగి చూసింది. ఆమె తలపై చేయి వేసి నా శ్రీమతి దుఆ చేసింది. “ఆమీన్” అన్నాము.